పాస్‌వర్డ్ మార్చిన శనివారం

"పాస్‌వర్డులు మార్చే తీరిక ఉంటుంది, పాలల్లో ఇంత తోడు వేసే తీరిక ఉండదు!" ఆదివారం పొద్దున గిన్నె వంచి చూపించాడు శరత్.

"మ్యూనిక్ చలికి తోడుకోకపోతే నా తప్పా? కొట్లో పెరుగు మీకు గొంతు దిగదాయె," అంది సహస్ర.

బుధవారం పోస్టులో ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకు ఉత్తరం వచ్చింది. 'మీరు ఉద్యోగం వద్దన్నందుకు విచారిస్తున్నాం. ఆ స్థానం మరొకరికి ఇచ్చాం.'

నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని జర్మన్ నేర్చుకుని, తొమ్మిది ఇంటర్వ్యూలయ్యాక దొరికిన ఉద్యోగం. సహస్ర వద్దనలేదు. మెయిల్ తెరవబోతే శనివారం మార్చిన పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు. మర్చిపోయానని నొక్కితే కోడ్ పంపామంది గానీ, ఆమె ఫోను ఎంతకీ మోగలేదు.

"విశ్వతేజను అడుగు. వైఫై పెట్టింది వాడేగా," అన్నాడు శరత్. విశ్వతేజ వాళ్లింట్లో ఓ గది అద్దెకు తీసుకుని కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు.

"అన్నా, అక్క చేతి బువ్వ తింటున్న. నేనెందుకు చేస్త?" అడిగితే అన్నాడు విశ్వతేజ.

హైదరాబాద్ పోలీసు సైబర్ విభాగంలో పనిచేసి, మ్యూనిక్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడిన కౌసల్య దగ్గరికి వెళ్లింది సహస్ర. పక్కనే కౌసల్య సహాయకురాలు, మేనకోడలు నవ్యశ్రీ నోట్సు తెరిచింది.

"పాస్‌వర్డ్ మార్చినట్టు ఎవరికి చెప్పావమ్మా?"

"ఎవరికీ లేదండీ. నేను తెరవని మెయిళ్లు కూడా చదివినట్టు కనిపిస్తుంటే భయమేసి మార్చాను."

"ఆ తర్వాత ఇంట్లో ఎవరేమన్నారో, కూరలో ఉప్పుతో సహా చెప్పు."

సహస్ర పెరుగు గొడవ దాకా చెప్పింది. నవ్యశ్రీ కలం ఆపి అత్త మొహంలోకి చూసింది. కౌసల్య కళ్లెత్తలేదు. "మెయిల్ మొదట తెరిచిందెవరు?"

"మా ఆయనే. వచ్చిన కొత్తలో నాకు సిమ్ కూడా లేదు. అన్మెల్డుంగ్, అదే ఇక్కడి చిరునామా నమోదు కాగితాల దగ్గర్నుంచి అన్నీ ఆయనే చూశారు."

రెండిళ్లవాళ్లు, ఐదుగురికి మించకుండా కలవచ్చని కరోనా ఆంక్షలు సడలించిన మార్చి అది. శుక్రవారం భోజనానికి ఐదు కంచాలు పెట్టింది సహస్ర.

పప్పు వడ్డన అయ్యాక కౌసల్య, "పాస్‌వర్డ్ మర్చిపోయానని ఇప్పుడు నొక్కమ్మా," అంది.

నొక్కింది. పప్పుగిన్నె పక్కనున్న శరత్ ఫోను మోగింది.

"ఆరంకెల కోడ్, అన్నా," అన్నాడు పక్కనే కూర్చున్న విశ్వతేజ, మెల్లగా.

"ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు," అంది కౌసల్య. "ఖాతాకు ఇచ్చింది మీ నంబరు. శనివారం ఆమె తాళం మారిస్తే కబురు మీ ఫోనుకే వచ్చింది. అందుకే ఎవరికీ చెప్పని సంగతి ఆదివారం పెరుగు దగ్గర మీ నోట జారింది. ఆ కోడ్‌తోనే తాళం మళ్లీ మార్చి, ఆమె పేరుతో బ్యాంకుకు రాశారు."

"భార్యాభర్తల మధ్య రహస్యాలేంటండీ?"

"రహస్యం లేకపోయినా స్నానాల గదికి గడియ ఉంటుంది కదండీ."

శరత్ తలదించుకున్నాడు. "కరోనా రోజుల్లో నువ్వు ఫ్రాంక్‌ఫర్ట్ పోతే నేనొక్కణ్ణీ ఏం కావాలి?"

ఆ మాట నెల కిందట అడిగి ఉంటే ఆమె కూర్చుని ఆలోచించేదే. ఇప్పుడు సహస్ర అందరికీ మజ్జిగ పోసి, తన కంచం ముందు కూర్చుంది.

"ఆ ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇంకోటి వెతుక్కుంటా, అక్కడే ఉండి. పొద్దున కొత్త సిమ్ తీసుకున్నా. ఒకటో తారీఖున వెళ్తున్నా. రేపటి నుంచి పాలు మీరే తోడు పెట్టుకోండి."