ఎవరూ వద్దనకపోతే

"ఈసారి చంపాల్సింది ఎవర్ని?" అడిగింది సూది.

ఎక్కడైనా దూరిపోతుందని గూఢచారి శాఖలో ఆమెకా పేరు పెట్టారు. గుచ్చుతుందని తర్వాత తెలిసింది.

"ఎవర్నీ కాదు," అన్నాడు చీఫ్. "ఒకాయన చేత 'వద్దు' అనిపించాలి. సాయంత్రం ఆరులోపు."

తెర మీద ఓ ముసలాయన ఫోటో పడింది. అందరూ మేస్త్రి అంటారు. ఆస్పత్రుల్లో రోగి నరంలోకి మందు చుక్కచుక్కగా ఎక్కించే పంపులుంటాయే, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ ఆయన రాసిందే. ఓపెన్ సోర్స్. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్పు పంపొచ్చు. దాన్ని అసలు కోడ్‌లో కలిపే అధికారం, అంటే కమిట్ రైట్స్, మాత్రం ఇన్నేళ్లూ ఆయనవే. జీతం లేదు, సెలవూ లేదు.

"ఏడాదిగా ఊరూపేరూ లేని జనం ఆయన్ని తిట్టిపోశారు. ముసలాడా, నత్తలా ఉన్నావ్, తప్పుకో అని. విసుగెత్తి అధికారం ఓ కమిటీకి రాసిచ్చేశాడు. ఆయనది ఇవాళ ఆరింటితో సరి. కమిటీది రేపు పొద్దున మొదలు."

"మధ్యలో?"

"మధ్యలోనే ఉంది తిరకాసు. మార్పు అందరి ముందూ పెడతారు. గడువులోపు కమిట్ రైట్స్ ఉన్నవాళ్లు వద్దనకపోతే ఒప్పుకున్నట్టే. బాట్ అనే ప్రోగ్రాం దానంతటదే కలిపేస్తుంది. ఓ విదేశీ ముఠా సరిగ్గా ఆరింటికి గడువు తీరేలా ఒక మార్పు పెట్టింది. అది కలిసిందా, ఈ రాత్రికి ప్రతి పంపూ సీసాడు మందూ ఒక్కసారిగా వదిలేస్తుంది."

"కమిటీకి చెప్పారా?"

"చెప్పాం. పరిశీలనకు సబ్ కమిటీ వేశారు."

సూది పళ్లు కొరికింది. "మా అత్తగారికి నిన్నట్నుంచి ఆ పంపే పెట్టారు."

"అయ్యో! మీ ఇద్దరికీ పడదని విన్నానే?"

"ఆవిడతో నా తగవులు నావి. పరాయివాడెవడూ వచ్చి తీర్చక్కర్లేదు."

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "మేస్త్రి ఇంట్లో మన మనిషి ఉంది. కోడ్‌నేమ్ నెమలి. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ల విడుదల చూసే అమ్మాయి. పొద్దున్నుంచీ ఆ మార్పు ఆపమని బతిమాలుతోందట. ఆయన వినడం లేదట."

సూది ఇంటర్నెట్ రిపేరు మనిషి వేషం కట్టింది. ఏ కొంపలోనైనా ఆ మనిషికి దక్కే స్వాగతం అల్లుడికి కూడా దక్కదు. భుజాన నిచ్చెన, చేతిలో సంచి. సంచిలో తాళాలు కరిగించే పెన్నూ, మత్తెక్కించే సెంటూ.

తలుపు తీసింది నెమలి. ముత్యాల కమ్మలు, పట్టులాంటి నవ్వు.

"వైరు ఎలుక కొరికిందా?"

"లేదు, ఉడత." కోడ్ సరిపోయింది.

లోపల మేస్త్రి పాత టేబుల్ ఫ్యాన్ విప్పి, మరలు కంచంలో వరసగా పేర్చుకుంటున్నాడు. సూదిని చూడగానే మొహం వెలిగింది. "వచ్చావా తల్లీ! పొద్దున్నుంచీ నెట్ చచ్చింది."

సూది రౌటర్ వైపు చూసింది. చావలేదు. ఎవరో వైరు పీకారు.

"బాబాయ్ గారూ, ఆ పంపుల మార్పు గురించి ఈవిడ మీకేం చెప్పింది?"

"ఏ మార్పు?"

అంతే. నెమలి చేతిలోకి చిన్న పిస్తోలు వచ్చింది. "రెండు జీతాలు తీసుకోవడం తప్పంటావా అక్కా?"

అక్కా అన్నందుకు మండిందో, రెండు జీతాలకు మండిందో, సూది భుజాన నిచ్చెనతో గిర్రున తిరిగింది. పిస్తోలు ఫ్యాన్ మరల్లో పడింది, నెమలి సోఫా వెనక పడింది. శాఖవారి పరికరాలన్నీ సంచిలోనే భద్రంగా ఉన్నాయి.

వైరుతో నెమలిని కట్టేసి, ఇంకో వైరు రౌటర్‌కి గుచ్చి, సంగతంతా చెప్పింది సూది. అయిదు నిమిషాలే ఉంది.

మేస్త్రి కదల్లేదు. "పోనీ. ఇన్నేళ్లలో ఒక్కడూ అన్నం తిన్నావా అనలేదు. తిట్లు మాత్రం రోజూ మూడు పూటలా. నాకెందుకు?"

"తిట్టింది వాడేవాళ్లనుకున్నారా? ఈ ముఠాయే! వంద పేర్లతో వాళ్లే. మీరు పోవాలని తిట్టారు, మీరు పోయారు. ఏం పౌరుషం బాబాయ్ గారూ మీది!"

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. సూది ఆయన భుజం మీంచి తొంగిచూసింది.

'ముందుగా ఈ మార్పు పంపిన మిత్రునికి నా కృతజ్ఞతలు. వారి శ్రమ ప్రశంసనీయం. అయితే వినమ్రంగా...'

"ఏమిటది!"

"కారణం రాయకుండా కాదనడం మా దాంట్లో మర్యాద కాదమ్మా."

"ఆ మర్యాదే మిమ్మల్ని ముంచింది! ఒక్క ముక్క!"

గడియారం పెద్దముల్లు పన్నెండు మీదికి పాకుతోంది. మేస్త్రి రాసిందంతా చెరిపేశాడు. బతుకులో మొదటిసారి కృతజ్ఞతలు లేకుండా టైపు చేశాడు: 'వద్దు.' ఎంటర్ కీ విరిగినంత పనయింది.

బాట్ ఓ క్షణం ఆలోచించింది. 'మార్పు నిలిపివేయబడింది.' ఆ వెంటనే, 'మీ అధికార కాలం ముగిసింది. సేవలకు ధన్యవాదాలు.'

"చూశావా?" అన్నాడు మేస్త్రి. "ధన్యవాదాలు చెప్పింది ఇదొక్కటే."

మర్నాడు కమిటీ కొత్త అధికారంతో కొలువుదీరింది. ఇకమీదట మౌనాన్ని అంగీకారంగా లెక్కించరాదని తీర్మానం పెట్టింది.

గడువు దాటినా ఒక్కరూ పలకలేదు. అందుచేత ఏకగ్రీవంగా ఆమోదించినట్టు ప్రకటించారు.