తూము మలుపులో సైకిలు బెల్లు

తూము మలుపు మంచిది కాదని ఆ దారిలో తిరిగే డ్రైవర్లందరికీ తెలుసు. చీకటి పడ్డాక అక్కడ సైకిలు బెల్లు మోగుతుందట... సైకిలు మాత్రం కనబడదట! ఒంగోలు లారీవాడొకడు ఆ బెల్లు విని వారం రోజులు జ్వరంతో మూలిగాడని చెప్పుకుంటారు. అది దోమల జ్వరమంటే ఎవరు నమ్ముతారు?

అల్లాబక్షు మాత్రం, "ఆ దెయ్యానికి లైసెన్సుందా?" అని నవ్వేవాడు. ఆ సాయంత్రం లారీ నిండా మిర్చి బస్తాలు వేసుకుని, గుంటూరు యార్డుకి అందరికంటే ముందు చేరాలని బండిని ఉరికిస్తున్నాడు.

చీకటి పడే వేళకి మలుపు దగ్గరికొచ్చాడు...

ట్రింగ్... ట్రింగ్...

కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బండి కీచుమని ఆగింది. రోడ్డు వార — తెల్లచీర. విరబోసిన జుట్టు. చేతిలో ఒట్టి బెల్లు!

అల్లాబక్షు దేవుణ్ణి తలుచుకోబోయాడు. చిన్నప్పుడు నేర్చుకున్న దువాలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఆ ఆకారం ఒకడుగు ముందుకేసింది... ఇంకో అడుగు...

"హాచ్!"

బస్తాల ఘాటు. ఇంకో తుమ్ము. మళ్ళీ ఇంకోటి.

తూము వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. "మిర్చి బండొస్తే ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నానా, లేదా?"

"దెయ్యం ముక్కుకి గుడ్డ కట్టుకుంటదా? నువ్వూరుకో!" అంది దెయ్యం.

అల్లాబక్షుకి ఊపిరొచ్చింది. దిగి చూస్తే, పక్క మిరపచేను అంకమ్మ. వెనకే టార్చిలైటుతో ఆమె మొగుడు బుల్లయ్య.

"మతిగాని పోయిందా అమ్మా? నా గుండె ఆగిపోయేది!"

"బండి ఆగిందిగా బాబూ," అంది అంకమ్మ ముక్కు తుడుచుకుంటూ.

బుల్లయ్య బెల్లుని తువ్వాలుతో మెల్లగా తుడిచాడు. "మా పాప శ్రీరమ్య సైకిలుదయ్యా ఇది. నాలుగో తరగతి. నిరుడు ఇక్కడే... వ్యాను గుద్దేసింది. నెమ్మదిగా వెళ్ళండని బోర్డు పెట్టించాం. దాన్నీ గుద్దేశారు."

"దెయ్యాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ గుద్దలా," అంది అంకమ్మ. నవ్వబోయి ఏడ్చేసింది. "ఇంట్లో కూచుంటే పొద్దుపోదు బాబూ. ఇక్కడుంటే... ఇంకో పిల్ల క్షేమంగా ఇంటికి చేరిందనుంటది."

అల్లాబక్షుకి తన పిల్లలు గుర్తొచ్చారు. తన తొందరకి తనకే సిగ్గేసింది.

తెల్లారి యార్డులో టీ తాగుతూ మొదలెట్టాడు. "ఎనిమిదడుగులుంది! కాళ్ళు వెనక్కి! కళ్ళు పండుమిరపకాయలే!" తుమ్ముల సంగతి మాత్రం మింగేశాడు. చుట్టూ డ్రైవర్ల చేతుల్లో టీగ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏమడిగిందిరా?" గొంతు తగ్గించి అన్నాడొకడు.

అల్లాబక్షు టీగ్లాసు కింద పెట్టాడు.

"నెమ్మదిగా పొమ్మంది."