పొడిగదిలో గాలి

రంగుల ఫ్యాక్టరీ వెనకవైపు పొడిగది అంటే ఎంతటి మొనగాడికైనా హడలే. అందులో గాలి ఉందని పేరు. మామూలు గాలి కాదండోయ్ — మనుషులకి సోకే గాలి.

రుజువులకేం తక్కువ? మొదట అక్కడ పనిచేసినాయనకి ముక్కులోంచి రక్తం. తర్వాతాయన దగ్గి దగ్గి మంచం పట్టాడు. ఇప్పుడున్నాయనకి గొంతే పోయింది. ఒకప్పుడు పాటెత్తుకుంటే పక్కవీధివాళ్ళు కిటికీలు తెరిచేవారు. ఇప్పుడందరూ ఆయన్ని బొంగురాయన అంటున్నారు.

బొంగురాయన ధైర్యస్తుడే. తెల్లపొడి బస్తాలు విప్పి తొట్టెలో గుమ్మరించేవాడు. ఖాళీ సంచుల్ని గోడకేసి చరిచేవాడు. ఒలికిందాన్ని చీపురుతో పరపరా ఊడ్చేవాడు. గదంతా మంచు కమ్మినట్టుండేది. కిటికీ మాత్రం తెరిచేవాడు కాదు — గాలి బయటపడి జనాన్ని పట్టుకుంటుందని, పాపం.

ఈమధ్య ఇంట్లో ఆయన కూతురు దగ్గడం మొదలెట్టింది. నాన్న పని నుంచి రాగానే మెడకి చుట్టుకుపోయే పిల్ల. ఆ దగ్గు విన్నాడు... అదే దగ్గు. పొడిగది దగ్గు.

గాలి తన వెనకాలే ఇంటికొచ్చిందన్నమాట.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక, పనిబట్టలతోనే ఆయన పొడిగదికి తిరిగొచ్చాడు. కాళ్ళావేళ్ళా పడైనా సరే, పిల్లని వదిలెయ్యమని అడుగుదామని.

తలుపు తోశాడు. గుడ్డి బల్బు వెలుగుతోంది. మూలన... తెల్లగా ఏదో వంగి ఉంది. చేతులు నేలమీద మెల్లగా పాకుతున్నాయి. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి మాత్రం — హుస్స్... హుస్స్...

అది ఇటు తిరిగింది.

మొహం లేదు. రెండు గుండ్రటి గాజుకళ్ళు. నోరుండాల్సిన చోట పందిముట్టె.

"తల్లీ..." బొంగురాయన చేతులు జోడించాడు. "నన్నేమైనా చేసుకో. పిల్లని వదిలెయ్యి."

ఆయన ఒకడుగు ముందుకేశాడు. దెయ్యం రెండడుగులు వెనక్కేసింది. చేతులు అడ్డం పెట్టుకుంది.

"దగ్గరికి రాకు," అంది, కుండలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "ముందు బయటికి నడు."

నడిచాడు. నడవక చస్తాడా?

వెనకాలే వచ్చిన దెయ్యం ఒంటినంతా తడిగుడ్డతో తుడుచుకుని, ముట్టె ఊడదీసింది. లోపల — వదిన. ప్యాకింగులో పనిచేసే సొంత అన్న భార్య.

"మధ్యాహ్నం చిరిగిన బస్తా ఎత్తమన్నారయ్యా. ఆ అద్దాల బీరువాలో ఉన్న రక్షణ సూటిస్తే గానీ అడుగుపెట్టనన్నాను. ఇచ్చేసరికి ఈ వేళైంది."

ఆ సూటు తనిఖీవాళ్ళు వచ్చినప్పుడు అద్దాల్లోంచి చూపించడానికే ఉండేది. అందులో మనిషి దూరడం ఎవరూ ఎరగరు.

"మరి దగ్గరికి రావద్దన్నావేం వదినా?"

"నిన్ను చూసి నాకే గుండె ఆగినంత పనైంది మరిదీ. జుట్టు, కనుబొమలు, చొక్కా... అంతా పొడే. చీపురు తగిలితే లేచి గాల్లో కలిసే పొడి. అందుకే నేను తడిగుడ్డతో అద్దుతున్నా." ఆయన చొక్కాకేసి చూసింది. "రోజూ ఇలాగే ఇంటికెళ్ళి పిల్లని ఎత్తుకుంటున్నావా?"

బొంగురాయన గిరుక్కున తిరిగాడు. గబగబా ఇంటికి నడిచాడు. పెరటి కుళాయి దగ్గరికెళ్ళి చొక్కా గుండీలు విప్పుతుండగా పిల్ల చేతులు చాచుకుని పరిగెత్తుకొచ్చింది.

ఆయన రెండడుగులు వెనక్కేశాడు. చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"దగ్గరికి రాకు," అన్నాడు, ఆ బొంగురు గొంతుతో.

పిల్ల ఠక్కున ఆగింది. తెల్లటి ఆ మొహంలోకి చూసింది. గిరుక్కున తిరిగి ఇంట్లోకి పరుగు —

"అమ్మా... నాన్నకి గాలి సోకిందే."