రెక్క కుట్టిన నాటి పేజీ

జగిత్యాలలోని డిటెక్టివ్ జలపతి ఆఫీసులో శ్రీశైలం కుర్చీ ముట్టలేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే చెప్పాడు. మస్కట్‌లో పన్నెండేళ్లు విమానాల మెకానిక్‌గా చేసొచ్చి, కోరుట్లలో రేకుల షెడ్డు వేసుకుని, ఇద్దరు కూర్చునే విమానాన్ని నాలుగేళ్లుగా సొంతంగా కడుతున్న మనిషి.

"రేపు పదింటికి తనిఖీ సారొస్తున్నడు. ఏ రోజు ఏం జేసిన్నో ఫొటోతోని ఫైలుల రాసి పెట్టిన. అండ్ల ఒక్క పేజీ లేదు సార్. రెక్కకు గుడ్డ కుట్టిన రోజుది. లోపలి పని ఇప్పుడు కండ్లకు కనవడది, గా కాయితమే సాక్ష్యం. అది లేకుంటే ఎగరనియ్యరు."

"ఫోన్ల ఫొటో లేదా?" అంది జలపతి అసిస్టెంటు మనీషా.

"ఫోను పోయిన నెల నీళ్లల్ల పడ్డది మేడం."

మనీషాకు కాలు నిలవలేదు. జలపతి మాత్రం టీ చివరి గుక్క దాకా తాగిగానీ లేవలేదు. ఈయనతో ఎప్పుడూ ఇదే తంటా అనుకుందామె.

కోరుట్ల షెడ్డులో ఫైలు బల్ల మీద ఉంది. పేజీలన్నీ దారంతో కట్టి ఉన్నాయి.

"ముడి నువ్వేసిందేనా?" అడిగాడు జలపతి.

"కాదు సార్. నేను జారుముడేస్త. ఎవలో ఇప్పి మళ్ల కట్టిండ్రు."

చిన్న ముడి. రెండు కొసలూ మొదలంటా తుంచి ఉన్నాయి. మనీషా కూడా చూసింది. చూసి ఊరుకున్నందుకు తర్వాత తనను తానే తిట్టుకుంది.

షెడ్డు తాళంచెవులు మరో ఇద్దరి దగ్గర ఉన్నాయి. ఒకరు శ్రీశైలం బావమరిది రవీందర్, పసుపు నిల్వకు ఆ షెడ్డు ఇమ్మని ఏడాదిగా పోరుతున్నాడు. రెండోవాడు రెక్కకు గుడ్డ కుట్టిన సిరిసిల్ల నేతకార్మికుడు మల్లయ్య.

"షెడ్డు అడిగిన మాట నిజమే," అన్నాడు రవీందర్. "గంత పగుంటే ఫైలంత కాలవెడుదు. ఒక్క పేజీతోని నాకేం పని?"

కబురందుకుని మల్లయ్య సాయంత్రానికి బస్సు దిగాడు. జలపతి అందరినీ రెక్క దగ్గరికి పిలిచాడు.

"రవీందర్ మాట నిజం. ఒక్క పేజీ తీసినోనికి గా పేజీతోనే భయం. గీ ముడి జూడుండ్రి. సాంచ మీద, అంటే మరమగ్గం మీద, దారం తెగితే గిట్లనే ముడేసి కొసలు తుంచుతరు, లేకుంటే బట్ట చెడుతది. మల్లయ్యా, రెక్క మీద గూడ గిట్లనే తుంచినవా?"

మల్లయ్య తల దించుకున్నాడు. "ముప్పయ్యేండ్ల అలవాటు సార్. కొస వదలకుంటే గాలికి ముడి జారుతదని శ్రీశైలం చెప్పిండు. కొన్ని వదిలిన, కొన్నిటికి చెయ్యి ఆగలే. తనిఖీ సారు భూతద్దం వెట్టి ఫొటో జూస్తే తెలుస్తది."

మనీషాకు ఒళ్లు మండింది. "మీదికి పోయినంక ముడి జారితే మనిషి బతుకుతడా కాకా?"

"గందుకే తీసిన బిడ్డా. కాయితం లేకుంటే ఎగరనియ్యరని తెలిసే తీసిన. తప్పు జేసిన్నని చెప్పుదామంటే నోరు రాలే. నేను నేసిన బట్ట మీద ఎన్నడు నా పేరు లేదు. గా కాయితం మీదనే మొదలు రాసిండ్రు." జేబులోంచి మడతపెట్టిన పేజీ తీసి బల్ల మీద పెట్టాడు.

శ్రీశైలం బయటికి వెళ్లి, తనిఖీ వాయిదా వేయమని ఫోన్ చేశాడు. తిరిగొచ్చి బ్లేడు తీసుకుని రెక్క గుడ్డను ఈ కొస నుంచి ఆ కొస దాకా కోసేశాడు. కుట్టు నుంచి రంగు దాకా నాలుగు నెలల పని.

పాత పేజీని ఫైలులో పెట్టి, కొత్త కాగితం మీద రాశాడు: ముడులు తప్పు. గుడ్డ తీసేసినం. మళ్ల కుట్టాలె.

"నా పేరు కొట్టెయ్," అన్నాడు మల్లయ్య.

"కొట్టెయ్య మల్లన్నా. తప్పు దాసేటందుకు రాస్తున్ననా నేను? రేపు మొదటి బస్సుకు రా." కుట్టేటోడు అని రాసి, పక్కన జాగా వదిలి పెన్ను అందించాడు.

మల్లయ్యకు తన పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.