అందరూ ఎస్ అన్నాక

“ఈ ప్రోగ్రాం ఎవరు రాశారండీ?”

భరద్వాజ్ మానిటర్ పక్కనుంచి తల బయటపెట్టి చూశాడు. ఎదురుగా ఒక అమ్మాయి. బయట కురుస్తున్న వానలో సగం తనమీదే పడ్డట్టుంది. చేతిలోని గొడుగు నుంచి నీళ్ళు అతని కొత్త బూట్ల మీద కారుతున్నాయి. ఆమె చూపు మాత్రం అతని స్క్రీన్ మీదే ఉంది.

“నేనే. ఏమి?”

“ఒకావిడ ఓటు మార్చేశారు మీరు. ఆవిడ నో అంది. మీ రిపోర్టులో ఎస్ అని వచ్చింది.”

“ఓ, అదా!” భరద్వాజ్ నవ్వాడు. “అది టైపింగ్ మిస్టేక్ మేడం. తొంభై ఏడు మంది ఎస్ అంటే ఒక్కరే నో అంటారా? అట్లాంటివి వస్తే ప్రోగ్రామే సరిచేసేట్టు రాసినా.”

“సరిచేసేట్టా?” ఆ అమ్మాయి కళ్ళు ఇంతింతయ్యాయి. “ఏవండీ, ఆ సభ మొత్తం మీద ఆలోచించి వేసిన ఓటు అదొక్కటే. దాన్ని పట్టుకుని చెరిపేశారా!”

వెనక సీట్లోంచి మేనేజర్ లిమ్ తన సింగపూర్ ఇంగ్లీషులో, “క్లయింట్ వెయిటింగ్ లా! ఫైట్ లేటర్!” అని అరిచాడు.

ఆ అమ్మాయి పేరు ఉదయశ్రీ. కాకినాడ పిల్ల. లా చదివి, పై చదువుకి సింగపూర్ యూనివర్సిటీకి వచ్చింది. ఈ ప్రాజెక్టు కోసమే కంపెనీ ఆమెని పార్ట్ టైంగా తీసుకుంది.

అది 2006. అమెరికా పనులన్నీ ఆసియాకి వచ్చిపడుతున్న రోజులు. పాయా లేబార్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి వచ్చిన పని మాత్రం కాస్త వింతైనది. అమెరికాలో ఒక రాష్ట్రం. అక్కడ కొందరు పౌరులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. తమ శాసనసభ్యులు ఏ బిల్లుకి ఎలా ఓటేశారో చూసి, ఒక్కొక్కరికీ మార్కులు వేసి, వెబ్‌సైట్లో పెట్టాలని వాళ్ళ కోరిక. బిల్లులు చదివి ప్లస్సా మైనస్సా తేల్చేది ఉదయశ్రీ. ఆ లెక్కలన్నీ చూపించే వెబ్‌సైట్ కట్టేది భరద్వాజ్.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు కింద, తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో ఆమే ఎదురుపడింది. అక్కడివాళ్ళలా టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ ఆపి ఉంచుకుని, ఎదురు కుర్చీ చూపించింది.

“కూర్చోండి. నిన్న కొంచెం గట్టిగా మాట్లాడేను.”

“కొంచెమేనా? మా పక్క సీటాయన ఇంకా భయపడతానే ఉన్నాడు.”

ఆమె ఫక్కున నవ్వింది. ‘భయపడతానే’ అనే మాటకి మళ్ళీ నవ్వింది. “ఏ ఊరండీ మీది?”

“ప్రొద్దుటూరు. నవ్వండి, అలవాటైంది నాకు.” భరద్వాజ్ నూడుల్స్ కలుపుతూ అడిగాడు. “అది సరే గానీ, ఆ బిల్లు చదివినా నేను. వరదలో ఒక ముసలావిడ పాడిపశువులన్నీ కొట్టుకుపోయినాయి. టీవీలో చూసి జనమంతా ఏడ్చినారు. ఆమెకి సాయం చేద్దామని బిల్లు పెడితే ఈ హేజెల్ ప్రూయిట్ అనే మెంబరు ఒక్కతే నో అంటాది. గుండె ఉందా ఆమెకి? మీరేమో ప్లస్ వేసినారు.”

ఉదయశ్రీ చెంచా పక్కన పెట్టింది.

“ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక మాట ఉందండీ. పేరు పెట్టి ఒక్క మనిషి కోసం చట్టం చెయ్యకూడదు. చేస్తే అందరికీ వర్తించేలా చెయ్యాలి. ఎందుకంటారు?”

“ఎందుకు?”

“ఇవాళ టీవీలో కనిపించిన ముసలావిడ పేరు పెడతారు. రేపు మంత్రిగారి బావమరిది పేరు పెడతారు. అందుకని గీత గీసేరు. బిల్లు మంచిదా చెడ్డదా అని మనం చూడట్లేదు. ఆ పని చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారా లేదా, అంతే చూస్తున్నాం.”

“ఇది మీ కొలబద్ద. ఇంకొకరు ఇంకో కొలబద్ద పెడితే ఆమెకి సున్నా వస్తాది.”

“వస్తుంది. అందుకే మన కొలబద్ద ఏంటో మొదటి పేజీలోనే చెప్పాలి. ఒప్పుకోని వాళ్ళు ఒప్పుకోరు. కానీ అసలు ఓటే మార్చేస్తే?”

“సాయంత్రమే ప్రోగ్రాంలో ఆ లైను తీసేస్తా,” అన్నాడు భరద్వాజ్.

“ఇంకో సంగతి చెప్పనా?” ఆమె గొంతు తగ్గించింది. “ఆ ముసలావిడది ఈ హేజెల్ గారి సొంత నియోజకవర్గమే.”

చుట్టూ పళ్ళేల చప్పుడు, కేకలు. భరద్వాజ్‌కి అవేవీ వినపడలేదు. తనకి ఓటేసిన ఊళ్ళోని మనిషికే, ఊరంతా చూస్తుండగా, నో అని చెప్పడం! ఎంత ధైర్యం ఉండాలి!

ఆ సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పాత సమావేశాల రికార్డులు తిరగేశారు. ఆ నో చెప్పిన మరుసటి వారమే హేజెల్ ప్రూయిట్ తనే ఒక బిల్లు పెట్టింది. వరదలో పశువులు పోగొట్టుకున్న ప్రతి కుటుంబానికీ ఒకే రకంగా సాయం. పేర్లు లేవు. టీవీలో కనపడని వాళ్ళు కూడా ఉన్నారు. ఆ బిల్లు నెగ్గింది.

“చూశారా!” అంది ఉదయశ్రీ. ఆమె కళ్ళల్లో నీళ్ళు మెరుస్తున్నాయి.

భరద్వాజ్ చూశాడు. స్క్రీన్‌ని కాదు.

ఎక్కడో ప్రపంచానికి అవతల, ముఖం కూడా తెలియని ఒక ఆడమనిషి వేసిన ఓటుకి ఇక్కడ ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఇలాంటి మనిషి ఉంటుందని అతనికి ఇంతవరకూ తెలీదు. గుళ్ళో గర్భగుడి తలుపులు తెరిచినప్పుడు చిన్నప్పుడు ఎలా ఊపిరి ఆగిపోయేదో, అలా ఆగిపోయింది.

ఆ తర్వాత రోజులు వాన వచ్చినట్టు వచ్చి వెళ్ళిపోయాయి. హేజెల్ గారంటే అతనికి వల్లమాలిన అభిమానం పుట్టుకొచ్చింది. ఒక బిల్లులో ఆవిడా గీత దాటి ఓటేసిందని తేలినప్పుడు, “పోనీండి, దీనికి మైనస్ వద్దు,” అని బతిమాలాడు. ఉదయశ్రీ అతని చేతి మీద పెన్సిల్‌తో ఒక్కటి కొట్టి మైనస్ వేసింది. ఆ దెబ్బ తగిలిన చోటు అతను ఇంటికెళ్ళేదాకా చూసుకున్నాడు.

ఇల్లంటే యీషున్‌లో సత్యవాణి పిన్ని ఫ్లాట్. బాబాయి ఓడలో ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రం మీదే. భరద్వాజ్ అన్నం మధ్యలో ఆగిపోయి గోడకేసి చూస్తూ నవ్వుకుంటుంటే పిన్ని కనిపెట్టేసింది.

“ఎవర్రా ఆ పిల్ల?”

అతను చెప్పేశాడు. పేరు, ఊరు, పెన్సిల్ దెబ్బతో సహా.

పిన్ని స్నేహితురాలిది కాకినాడే. ఇంకేముంది! ఫోన్ల మీద ఫోన్లు నడిచాయి. ఉదయశ్రీ నాన్నగారు విశ్వనాథం గారు, రిటైరైన లెక్చరరు, సరే అన్నారు. వాళ్ళమ్మగారు సరే అన్నారు. ప్రొద్దుటూరులో సరే అన్నారు. జాతకాలూ కుదిరాయి.

“అందరూ సరే అన్నారు రా!” అని పిన్ని శనివారం పొద్దున్నే అతని నోట్లో చక్కెర పోసింది.

ఆదివారం సెరంగూన్ రోడ్డులో టిఫిన్‌కి కలుద్దామని ఇద్దరూ ముందే అనుకున్నారు. భరద్వాజ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మల్లెపూలు కొని పట్టుకున్నాడు. తువాస్ ఫ్యాక్టరీల నుంచి సెలవుకి వచ్చిన కూలీలతో ఆ లిటిల్ ఇండియా పేటంతా కిటకిటలాడుతోంది. ఆ జనంలోంచి ఉదయశ్రీ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“నాన్న ఫోన్ చేశారు,” అంది.

“తెలిసిందా? అందరూ ఒప్పుకున్నారు!”

“అందరూ అంటే?”

“మీ నాన్నగారు, అమ్మగారు, మా పిన్ని, మా అమ్మా నాయనా…”

“నేను?”

పూలపొట్లం అతని చేతిలో నలిగింది.

“మంచి ఉద్దేశంతోనే…”

“ఉద్దేశం మంచిదే. అది నాకూ తెలుసు.” ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. “ఇన్నాళ్ళూ మనిద్దరం కూర్చుని చూస్తున్నదేంటండీ? పని మంచిదైనా సరే, అది చేసే అధికారం వీళ్ళకుందా అని కాదూ? నన్నడక్కుండా నా పెళ్ళి మాట్లాడే అధికారం మీకెవరిచ్చారు? ఇప్పుడు నేను నో అంటే ఇంట్లో ఏవంటారో తెలుసా? అందరూ ఎస్ అన్నాక నీదేదో పొరపాటులే అంటారు.”

“ఉదయశ్రీ గారూ…”

“ముందు నన్నడిగుంటే ఏం చెప్పేదాన్నో నిన్నటిదాకా నాకు తెలుసు. ఇప్పుడు తెలీట్లేదు.”

ఆమె వెనక్కి తిరిగి జనంలో కలిసిపోయింది. ఒక్కసారిగా వాన దబదబా పడింది. అందరూ అరుగుల మీదికి పరుగెత్తారు. భరద్వాజ్ మాత్రం అక్కడే నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే ఫోన్ కార్డు కొని కాకినాడకి నంబరు కలిపాడు.

“అంకుల్, నేను భరద్వాజ్‌ని. సింగపూర్ నుంచి.”

“చెప్పు బాబూ! మంచిరోజు చూడమన్నాను…”

“వద్దు అంకుల్. ముహూర్తం చూడొద్దండి. ముందు అడగాల్సింది ఉదయశ్రీ గారిని. నేను అడగలేదు. ఆమెకంటే ముందు మీ దగ్గరికి రావడం నా తప్పే. మీరిచ్చిన మాట నాకొద్దు. ఆమె మీద ఎవరూ ఒత్తిడి పెట్టొద్దండి, ప్లీజ్.”

“బాబూ, రేపు అది కాదంటే?”

“కాదంటే కాదే అంకుల్.” ఆ మాట అనడం అతనికి ఇష్టం లేదు. అయినా అన్నాడు.

పిన్ని గోల గోల చేసింది. “నా పరువు ఏమైపోవాల రా! మళ్ళీ ఆ ఇంటికి ఏ ముఖంతో ఫోన్ చేసేది?” అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఉదయశ్రీ ఆఫీసుకి మళ్ళీ వచ్చింది ప్రాజెక్టు చివరి రోజునే. కొత్త సమావేశాల ఓట్లు అప్పుడే చేరాయి. ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నారు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వదిలి.

హేజెల్ ప్రూయిట్ పేరు లేదు. ఆ నియోజకవర్గం పక్కన వేరే ఎవరిదో పేరు ఉంది.

“ఎన్నికల్లో ఓడిపోయింది,” అంది ఉదయశ్రీ మెల్లగా.

“ఆ నో వేస్తే ఇట్లయితాదని తెలిసే వేసుంటాది కదా?”

“తెలిసే.”

ఇద్దరూ ఆ పాత వరుసని మళ్ళీ తెరిచారు. ఎస్, ఎస్, ఎస్, ఎస్. మధ్యలో ఒక్క నో. అద్దాల బయట ఆకాశం నల్లబడి, మెరుపు ఊరంతా వెలిగించి పోయింది.

“నాన్న చెప్పారు, మీరు ఫోన్‌లో అన్నదంతా,” అంది ఆమె, అటే చూస్తూ. “ఇంట్లో నా మాట కోసం ఆగడం ఇదే మొదటిసారి.”

భరద్వాజ్ లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

భాష తెలియకపోయినా ఆఫీసులో కీబోర్డులన్నీ ఆగిపోయాయి. ఉదయశ్రీ ముఖం ఎర్రబడింది.

“ఇక్కడా అడగడం!” బ్యాగు భుజాన వేసుకుంది. “పరీక్షలున్నాయి. ఆలోచించుకోవాలి. అప్పటిదాకా ఫోన్ చెయ్యకండి.”

“చెయ్యను.”

చెయ్యలేదు. పరీక్షలైపోయాయని తెలిసినా చెయ్యలేదు. ఆమె ఇండియాకి వెళ్ళిపోతోందేమో అని లిమ్ అన్నప్పుడు కూడా, సెల్ చేతిలోకి తీసుకుని మళ్ళీ జేబులో పెట్టేశాడు. రాత్రులు నిద్ర లేదు. కానీ ఆమె తనకి తనే తేల్చుకునే ఆ తీరు తలచుకుంటే మాత్రం అతనికి ఒళ్ళు పులకరించేది.

ఒక శనివారం సాయంత్రం. యీషున్ మీద మబ్బు కమ్ముకొస్తోంది. “బట్టలు తడుస్తాయి, లోపలికి లాగు రా!” అని పిన్ని వంటింట్లోంచి కేకేసింది. కిటికీ బయటికి చాపిన వెదురుగెడల మీద చీరలు, దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి. భరద్వాజ్ ఒక గెడని లాగబోతూ కిందికి చూశాడు.

బ్లాకు ముందు పచ్చిక మీద ఒక అమ్మాయి గొడుగు లేకుండా పరుగెత్తుకొస్తోంది. అప్పటికే వాన అందుకుంది.

తలుపు కొట్టిన చప్పుడయింది. పిన్ని తలుపు తీసింది. భరద్వాజ్ గెడని వదలలేక, కదలలేక, కిటికీ దగ్గరే ఉండిపోయాడు.

“నమస్తే ఆంటీ. నేను ఉదయశ్రీని. ఆయన ఉన్నారా?”

“ఆయనా?” పిన్ని నోరు తెరిచింది.

ఉదయశ్రీ సరాసరి కిటికీ దగ్గరికి వచ్చింది. జుట్టు ముఖానికి అతుక్కుపోయింది. గెడ రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి లోపలికి లాగారు.

“హైదరాబాద్ హైకోర్టులో ప్రాక్టీసు పెడదామనుకుంటున్నాను,” అంది రొప్పుతూ. “అది మానను. నువ్వు అక్కడికి వస్తావా? రాలేనంటే చెప్పు. నీ ఇష్టం నీదే.”

‘నువ్వు’ అన్న మాట దగ్గరే భరద్వాజ్ ఆగిపోయాడు. తర్వాతవి కాస్త ఆలస్యంగా చెవికెక్కాయి.

“వస్తా,” అన్నాడు. “హైదరాబాద్‌లో కంపెనీలకేం తక్కువ! వస్తా.”

“అయితే నాకిష్టమే. ఎవరూ చెప్పలేదు. నేనే చెప్తున్నా.”

జేబులోంచి అతని సెల్ తనే తీసుకుంది. తడి వేళ్ళతో కాకినాడ నంబరు నొక్కింది.

“నాన్నా, నేను. భరద్వాజ్‌ని చేసుకుంటాను. ఇప్పుడు చూడండి మంచిరోజు.”

విశ్వనాథం గారి నవ్వు గదంతా వినిపించింది. “ఆ అబ్బాయి చేతికివ్వమ్మా,” అన్నారాయన. ఆమె ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. “బాబూ, అది సరేనంది కదా, ఇప్పుడు నేను మనస్ఫూర్తిగా ఇస్తున్నాను మాట,” అన్నారు.

భరద్వాజ్ గెడ పట్టుకునే, ఫోనుకి తలూపాడు.

“గెడ పట్టుకుని అట్లే నిలబడినావేంరా, పిల్ల వణుకుతాంది!” పిన్ని కళ్ళు తుడుచుకుంటూ ఉదయశ్రీని లోపలి గదిలోకి లాక్కెళ్ళింది. బీరువా తెరిచిన చప్పుడు, గాజుల చప్పుడు, ఇద్దరి నవ్వులు వినిపించాయి.

కాసేపటికి ఉదయశ్రీ బయటికి వచ్చింది. పిన్ని అంతవరకూ మడత విప్పని చిలకపచ్చ నేత చీర. నుదుట పిన్ని పెట్టిన కుంకుమ. తడి జుట్టు వీపంతా పరుచుకుని ఉంది. కిటికీ వెనక వాన తెల్లటి గోడలా కురుస్తోంది.

“ఏంటలా చూస్తున్నావు? బాలేదా?”

భరద్వాజ్ నోరు తెరిచాడు. ప్రొద్దుటూరు మాటా రాలేదు, కాకినాడ మాటా రాలేదు. ఆమె నవ్వి, దగ్గరికొచ్చి, అతని చేతుల్లోంచి వెదురుగెడని మెల్లగా తీసి గోడకి ఆనించింది.