పదిహేడో నంబరు క్వార్టర్లో సత్యరాజు గొంతు

షాలిమార్ గూడ్సు యార్డు వెనక పదిహేడో నంబరు క్వార్టరంటే ఆ రోజుల్లో మీసాలున్న మగాళ్ళు కూడా చుట్టు తిరిగి పోయేవారు. కప్పు కారుతోందని రైల్వేవాళ్ళు దాన్ని ఖాళీ చేయించి నాలుగేళ్ళు. తలుపుకి ఒక రెక్క ఉంది, ఒకటి లేదు. పొద్దుగూకి కరెంటు పోయిందంటే చాలు... లోపల్నుంచి పాట. మగగొంతు. బావిలోంచి వస్తున్నట్టు లావుపాటి గొంతు—

నేను చెవులారా విన్నది కాదు. మా పక్కింటి దయమ్మత్త చెప్పింది. ఆవిడ మాటల్లో సగం తీసేసినా, మిగతా సగానికే నేను నిండా ముసుగు తన్నేదాన్ని.

ఆ గొంతు ఎవరిదో కాలనీ అంతటికీ తెలుసు. దయమ్మత్త వాళ్ళన్న సత్యరాజుది. యార్డు కేబిన్లో ఉద్యోగం, ఆదివారం తెలుగు చర్చి క్వయర్లో పాట. అక్కడి బెంగాలీ అలవాటున కూలీలందరికీ 'రాజు దాదా', అంటే అన్న. గుండె ఆగి మనిషి పోయాడు. ఆయన పోయి వారం తిరక్కుండానే పదిహేడో నంబర్లో గొంతు లేచింది.

ఆయన భార్య రోజమ్మకి మాత్రం దెయ్యం భయం లేదు. ఆవిడ బాధ వేరు.

మా చర్చిలో ఒక పద్ధతుంది. క్వయర్లో ఒకరు పోతే, జ్ఞాపకార్థ కూటంలో వాళ్ళకి ఇష్టమైన పాటే పాడతారు. ఆ మనిషి ఒంటరిగా పాడే చరణం వచ్చేసరికి అందరూ ఆగి, ఆ చరణమంత సేపూ నోరు మూసుకుని నిలబడతారు. ఆ చోటు ఆయనది, ఎవరూ తీసుకోకూడదు. సత్యరాజు ఒంటరి చరణాలు పన్నెండు పాటల్లో ఉన్నాయి. ఏది ఇష్టమో చెప్పాల్సింది భార్య. ఆ భార్యకే తెలీదు!

"ఇంట్లో నోరిప్పితే, ఏటీ గోల, బండి షంటింగు చేసినట్టుంది, ఆపు అనీదాన్ని" అని ఏడ్చేది పాపం. "ముప్పై ఏళ్ళు కాపరం సేసి, పాటేదో ఎరగను."

సంఘపెద్ద సత్యానందంగారు శనివారం పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. "రేపే కూటం. ఈ రాత్రిలోగా చెప్పకపోతే నేనే ఒక మంచి ఏడుపు పాట పెట్టేస్తానమ్మా."

ఆయన అటు వెళ్ళగానే రోజమ్మ చెంగు బిగించింది.

"దయమ్మా, పద. పదిహేడో నంబరుకెళ్ళి ఇని వచ్చీద్దాం."

"వదినా! అది దెయ్యం!"

"దెయ్యమైతే ఏటి? నా మొగుడే కదా."

రాత్రి ఏడయ్యింది. అలవాటు ప్రకారం కరెంటు పోయింది. ఆ రోజుల్లో మా వైపు దీపం వెలగడమే వింత, ఆరడం కాదు. ఇద్దరూ గోడ పట్టుకుని నడిచారు. దయమ్మత్త కాళ్ళు ముందుకి పోతుంటే మనసు ఇంటికి పోతోందట.

తలుపు దగ్గర ఆగారు.

ఏమీ లేదు... యార్డులో ఎక్కడో వ్యాగన్లు గుద్దుకున్న చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు...

అప్పుడు లేచింది గొంతు.

అదే లావు. అదే సాగదీత. ఒకటే చరణం. అయిపోగానే మళ్ళీ అదే—

"వదినా, ఎలిపోదాం..."

రోజమ్మ కదల్లేదు. అది ఏడుపు పాటే కాదు! కోతల పండగ పాట. చర్చి నిండా గుమ్మడికాయలూ అరటిగెలలూ పెట్టుకుని చప్పట్లు కొడుతూ పాడేది. ఆవిడ విరిగిన తలుపులోకి తల పెట్టి, గుసగుసగా అడిగింది.

"ఏటయ్యా... ఇదేనా? నీ పాట ఇదేనా?"

పాట ఠక్కున ఆగింది. లోపల ఏదో ధడేల్మని పడింది. దయమ్మత్త చెప్పులు అక్కడే వదిలేసింది. ఆ చెప్పులు తెచ్చుకోడానికి మళ్ళీ ఎన్నడూ పోలేదు.

ఆదివారం చర్చిలో సత్యానందంగారు తల పట్టుకున్నారు. "చచ్చిపోయినవాడికి చప్పట్ల పాటా?"

"ఆయనే చెప్పేడు" అంది రోజమ్మ. ఇంకెవరు మాట్లాడతారు?

పాట మొదలైంది. రెండు చరణాలయ్యాయి. మూడోది సత్యరాజుది. హార్మోనియం ఆగింది. అందరూ తలలు దించారు. మౌనం...

ఆ మౌనంలో, వెనకనుంచి, లేచింది గొంతు!

కెవ్వుమన్న కేకలు. పాటల పుస్తకాలు నేలమీద పడ్డాయి. సత్యానందంగారు బల్ల పట్టుకున్నారు. రోజమ్మ ఒక్కతే వెనక్కి తిరిగింది.

గుమ్మంలో బైరాగి. యార్డులో మూటలు మోసే శ్రీకాకుళం మనిషి. మెళ్ళో గమ్‌ఛా తువ్వాలు, చేతిలో విప్పిన తన చెప్పులు. అందరూ తననే చూస్తుంటే పాపం బిక్కచచ్చిపోయాడు.

"ఆపీసినారేటి? మర్సిపోనారేమో, అందిద్దారని..."

"నీకీ పాటెలా వచ్చు?" అంది రోజమ్మ.

"రాత్రి డూటీల్లో కేబిన్లో రాజు దాదా నేర్పినాడు వదినమ్మా. ఈ ముక్కొక్కటే. ఏడాది పొడుగునా ఇదే. ఎందుకు దాదా ఎప్పుడూ ఇదే అంటే, మా రోజని తొలిసారి సూసింది ఈ పాట కాడే, నాను పాడతంటే గుమ్మడికాయల మజ్జిన నిలబడి నవ్వింది అనీవోడు. ఆయన పోనాక మా గదిలో పాడితే ఎనమండుగురూ ఎక్కిరిస్తారు. అందుకని కరెంటు పోయి పనాగినప్పుడల్లా ఆ కాళీ క్వార్టర్లో..."

రోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బైరాగి నాలుగడుగులు ముందుకొచ్చి, గొంతు తగ్గించాడు.

"ఒక్కమాట వదినమ్మా. ఆ ఏపు మీరెవురూ ఎల్లకండి. నిన్న సీకట్లో తలుపులోంచి తలకాయొకటి వచ్చి, 'ఏటయ్యా, ఇదేనా' అని అడిగింది. కిటికీలోంచి దూకి పారిపోనాను. ఆడదెయ్యం... మా సెడ్డదిలగుంది."

రోజమ్మ నవ్వేసింది. భర్త జ్ఞాపకార్థ కూటంలో, అందరి ముందూ, కళ్ళనీళ్ళు కారుతుంటే పగలబడి నవ్వింది. నవ్వి, బైరాగి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి క్వయర్లో సత్యరాజు నిలబడే చోట నిలబెట్టింది.

"మొదట్నుంచీ పాడండి" అంది. "ఈసారి ఎక్కడా ఆపకండి."