పదహారుకు మించితే

"ఎడ్విన్ కావాలనే పరీక్షల మిషను చెడగొట్టినాడంట, పొద్దుగూకేలోపల స్టేషనుకు ఈడ్చకపోతారంట" అని పక్కింటి ఓబులమ్మ వీధంతా చెబుతోందట. ఆ మాట మోసుకుని ఎడ్విన్ తల్లి రెబెకమ్మ ఉదయగిరి నుంచి బస్సెక్కి ఆత్మకూరులో ప్రైవేటు డిటెక్టివ్ సుకుమారి దగ్గరికి వచ్చింది. కొంగు తడిసి ఉంది.

సుకుమారి చెప్పులేసుకుంది. సహాయకుడు కేశవ బండి తీశాడు. రెబెకమ్మనూ ఎక్కించుకున్నారు.

ఎడ్విన్ పనిచేసేది పెంచలప్రసాద్ నడిపే ఆన్‌లైన్ పరీక్షల సెంటర్లో. దాని ముందు, ఉదయం పరీక్ష ఆగిపోయిన పిల్లలు ఇంకా కదల్లేదు. వాకిట్లో ప్రసాద్ కారు నంబరు 3600, బైకు నంబరు 2700. సుకుమారి రెండూ చూసి లోపలికి నడిచింది.

సర్వర్‌కు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఆ ఒక్క సర్వర్ లోపలే, సాఫ్ట్‌వేర్‌తో, పరీక్ష కోసం ఇంకో కంప్యూటర్‌ను సృష్టించారు. దానికి ఎన్ని ప్రాసెసర్లు కావాలో అంకె కొట్టి చెప్పాలి.

"పదహారే హద్దు మేడమ్," అన్నాడు ఎడ్విన్. "మించితే అది లేవదు. ఆ సంగతి రాసి గోడకు అంటించినాను."

"ఏ కాగితమూ లేదు," అన్నాడు ప్రసాద్. "తెర మీద చూడండి, పద్దెనిమిది ఉండాది. కొట్టింది ఈడే."

"నడుస్తుండగా అంకె మార్చొచ్చా?"

"కుదరదు మేడమ్, ఆపాల. పొద్దున పూజకని సార్ ఆపమన్నాడు. ఆపేసి బయటికొచ్చినాను. మేము పూజలో నిలబడం గదా. సారే బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, ఆన్ చేసినాడు. లేవలా."

సుకుమారి కీబోర్డు మీదికి వంగింది. తర్వాత గోడ తడిమి, అందరినీ గదిలోకి పిలిచింది.

"కీబోర్డు మీది అంకెల్లో ఒకటి, ఎనిమిది, ఈ రెండే కుంకుమ అంటి ఎర్రగా ఉన్నాయి. బొట్టు పెట్టిన చేత్తోనే కొట్టారు. పూజ అయ్యేదాకా ఎడ్విన్ గడప తొక్కలేదు. కారు నంబరులో అంకెలు కూడితే తొమ్మిది, బైకుదీ తొమ్మిదే. పద్దెనిమిది కూడినా అంతే. గోడ మీద టేపు కింద కాగితం మూలలు మాత్రం మిగిలాయి."

"అక్కా!" అన్నాడు కేశవ నోరు తెరిచి.

ప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు. "పదహారు కూడితే ఏడు. ఏడు నాకు అచ్చిరాదు. పిల్లకాయలకు కలిసొస్తాదనే గదమ్మా మార్చినాను!"

రెబెకమ్మ కళ్లకు అద్దుకుంటున్న కొంగు దించింది.

"మరి ఆ కాగితం చించింది ఎవురికి కలిసొస్తాదని నాయనా?"